మంచుమీద పరుషాలు, సరళాలు

విషయం చూసి మీరు నవ్వుకొనవచ్చు. భాషాప్రవీణ చదివి, ముప్పదిరెండేళ్ళు జిల్లా పరిషత్తు పాఠశాలలలో సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవానికి మంచుమీద జారే చెక్కలతో పనేమిటని. పని కల్పించింది మా అమ్మాయి మోకాలు.

అమ్మాయి కొలరాడోలో, డెన్వరు నగరానికి సమీపంలో ఉంటుంది. ఉద్యోగంతోపాటు అక్కడి కొండలు కూడా ఆమెను పట్టుకొన్నాయి. రెండు శీతకాలాల క్రిందట స్కీలమీద వెనుకకు పడి, కుడిమోకాలిలో లిగమెంటు తెంపుకొన్నది. శస్త్రచికిత్స, నెలల తరబడి వ్యాయామాలు, ఒక శీతకాలమంతా కిటికీలోనుంచి మంచు చూడడం. మొన్న జనవరిలో వైద్యులు మళ్ళీ అనుమతించారు. నేనూ మా ఇంటావిడా అప్పుడు అక్కడే ఉన్నాము. తాను పాత జతను గోడకు చేర్చి, కొత్త జతతో ఇంటికి వచ్చింది. దుకాణంవారు వాటిని ‘ప్లేఫుల్ ఆల్ మౌంటెన్’ రకం అన్నారట. కొండమీద ఎక్కడికైనా పనికివచ్చే చిలిపి స్కీలన్నమాట.

“ఒకసారి మోకాలు తెగినదానికి చిలిపివెందుకమ్మా?” అన్నాను.

“అందుకే నాన్నా” అన్నది. ఆ సమాధానం నాకు నచ్చలేదు. ఏప్రిల్ వరకు ఆమె వెంట తొమ్మిదిసార్లు కొండకు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాను. నేను స్కీ ఎక్కలేదు. చూడడం, అడగడం, వ్రాయడం నా వంతు.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. పాత స్కీని బల్లమీద పెడితే మధ్యభాగం విల్లులా కొంచెం పైకి లేచి, రెండు కొనలకు దగ్గరగా మాత్రమే బల్లకు తగిలేది. దీనిని కేంబర్ అంటారు. మనిషి పైకెక్కగానే ఆ వంపు అణగి, కొనలు మంచును నొక్కుతాయి. అంచు పొడవునా పట్టు దొరుకుతుంది. లోపల రెండు లోహపు రేకులు. ఆ లోహానికి టైటనాల్ అని పేరు గాని అది టైటానియం కాదు, అల్యూమినియపు మిశ్రమమే. కొత్త స్కీలో పాదం క్రింద మాత్రం కొద్దిగా ఆ విల్లు ఉంచి, ముందూ వెనుకా కొనలను చాలా దూరంనుంచే పైకి తేల్చారు. దీనిని రాకర్ అంటారు. రేకులు లేవు, తేలిక చెక్క. బొటనవ్రేలితో నొక్కితే కొన వంగుతుంది. బూటు బిగించే చోటు కూడా మధ్యకు జరిగింది.

గోదావరి ఒడ్డున పుట్టినవాడిని కనుక నాకు వెంటనే పడవ గుర్తుకు వచ్చింది. పడవ ముందు కొనను అణియమనీ, వెనుక కొనను అమరమనీ అంటారు కదా. నా నోటుపుస్తకంలో స్కీకి కూడా అవే మాటలు వాడాను. ఇది ఊరికే తోచిన పోలిక కూడా కాదట. షేన్ మెకాంకీ అనే ప్రసిద్ధ స్కీయరు నీటిమీద జారే స్కీలను అలాస్కా మంచుమీద తొడిగి చూశాడు. మెత్తని మంచు గట్టినేలకంటె నీటికే దగ్గర చుట్టమని అతని వాదం. ఆ ఆలోచనతోనే 2002లో వోలాంట్ కంపెనీ స్పాట్యులా అనే స్కీని తెచ్చింది; విల్లు తలక్రిందులై, రెండు కొనలూ లేచి ఉండేది. మెకాంకీ 2009లో ఇటలీ పర్వతాలలో ప్రమాదంలో మరణించాడు. ఇప్పుడు దుకాణాలలో కనిపించే చిలిపి స్కీలన్నిటిలోనూ ఆ పడవ వంపు ఎంతో కొంత ఉంటుంది.

వ్యాకరణం చెప్పినవాని బుద్ధి ఎక్కడికి పోతుంది? పాత జతకు పరుషాలనీ, కొత్త జతకు సరళాలనీ పేరు పెట్టాను. అమ్మాయికి ఆ పేర్లు నచ్చాయి. అల్లుడుగారికి ద్రుతం సంగతి చెప్పబోతే ఫోను వచ్చిందని లేచి వెళ్ళారు.

మేము వెళ్ళిన చోటు లవ్‌లాండ్. డెన్వరునుంచి గంట పైచిలుకు ప్రయాణం, ఐసెన్‌హోవర్ సొరంగానికి తూర్పు ముఖానే ఉంటుంది. క్రింద బస ఉన్నదే సుమారు 10,800 అడుగుల ఎత్తున. పది అడుగులు వేస్తే నాకు ఆయాసం. పైన చెట్లు కూడా మొలవని గట్టు. అదే అమెరికా ఖండపు నీటిని తూర్పు పడమరలుగా పంచే గట్టు.

మొదటి రోజున అమ్మాయి యంత్రాలతో దువ్విన బాటలలోనే తిరిగింది. రాత్రిపూట పెద్ద బండ్లు మంచును చదును చేసి, దువ్వెన గీసినట్లు గీతలు పెట్టి వెళతాయి. దానిమీద సరళాలు చక్కగా తిరిగాయి. పరుషాలను తిప్పాలంటే అంచుమీద నిలబడి ఆజ్ఞాపించాలట. వీటికి పాదం సూచిస్తే చాలునట. కొనలు తేలి ఉండడంవల్ల మంచుకు తగిలే పొడవు తగ్గుతుంది; ఉన్నదానికంటె పొట్టి స్కీలాగ నడుస్తుంది. అయితే వేగం పెంచినప్పుడు అణియాలు టపటప కొట్టుకొన్నాయి. బసముందు నిలబడిన నాకే ఆ వణుకు కనిపించింది. వేగం తగ్గించింది. నాకు అదే కావలసింది.

అసలు పరీక్ష రెండవ వారంలో. మూడు రోజులు మంచు కురవలేదు, గాలి మాత్రం వీచింది. గట్టుమీది మెత్తని పొర ఎగిరిపోయి, గచ్చులాంటి మంచు మిగిలింది. నా భయమంతా దాని గురించే. స్కీ బూటు అడుగు ముందుభాగంలో సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పు. పాత స్కీ నడుము 80 మిల్లీమీటర్లు. అంటే బూటుకు ఇటూ అటూ అర సెంటీమీటరు. కొత్తదాని నడుము 100. ఇటూ అటూ ఒకటిన్నర. గట్టిమంచుమీద స్కీని ప్రక్కకు వాల్చినప్పుడు బరువంతా ఆ సన్నని ఉక్కు అంచు మోస్తుంది. అంచు పాదంనుంచి ఎంత దూరం జరిగితే, స్కీని వాల్చి నిలపడానికి చీలమండ, మోకాలు అంత ఎక్కువ మెలిపెట్టవలసి వస్తుంది. మెత్తని మంచులో స్కీ మునుగుతుంది కనుక బరువు అడుగంతటికీ పంచుకుపోతుంది, ఈ బాధ ఉండదు. ఇది లెక్కల మాస్టారు చెప్పవలసిన పాఠం. కాగితంమీద బొమ్మ గీసి నేనే చెప్పాను.

అమ్మాయి విన్నది గాని వెళ్ళింది. గంట తరువాత తిరిగివచ్చి, బూట్ల కొక్కేలు వదులు చేసుకొని, “పట్టు లేదు నాన్నా. అంచు దిగే లోపలే అమరం జారుకుంటోంది” అన్నది. కుడిమోకాలిమీద చెయ్యి వేసి కూర్చున్నది. నొప్పి లేదన్నది, అలసట అన్నది. ఆ రోజు నోటుపుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది: గచ్చు మంచున సరళాలు పనికిరావు.

దానికి మరుపేజీలో ఉన్నది వేరు. రాత్రంతా మంచు కురిసి తెల్లవారేసరికి మోకాలి లోతు పడింది. అక్కడి మంచు పొడిపొడిగా, జల్లించిన పిండిలాగ ఉంటుంది. గుప్పిట పట్టినా ముద్ద కట్టదు. ఇటువంటి మంచులో ఇరుకైన పరుషాల ముక్కు మునిగిపోతుంది. అది మునగకుండా మనిషి బరువును వెనుకకు వేస్తాడు. తుంటి మోకాళ్ళకంటె క్రిందకు దిగి, బరువు అమరంమీద పడి, అది మీటగోలలాగ కాలిని మెలిపెట్టినప్పుడే మోకాలి లిగమెంటు తెగే పడటాలు ఎక్కువ. అమ్మాయి పడింది సరిగ్గా అలాగే. బూటు వదిలిపెట్టే బైండింగులు ముఖ్యంగా కాలి ఎముకను కాపాడడానికి ఏర్పడినవి. ఈ రకం మెలికను అవి చాలాసార్లు గుర్తుపట్టలేవు. సరళాల అణియం తనంతట తానే తేలుతుంది కనుక వెనుకకు వాలే అవసరం తప్పింది. నిటారుగా, రెండు పాదాలమీద సమంగా నిలబడి వచ్చింది. జనవరిలో ఆమె చెప్పిన “అందుకే నాన్నా” నాకు అర్థమైంది ఆ రోజునే.

మధ్యాహ్నానికి జనం తొక్కి, అదే మంచు కలగాపులగమైంది. ఒకచోట గుట్ట, ఒకచోట గుంట. పరుషాలు దీనిని చీల్చుకొని పోతాయి. సరళాలు తేలిక గనుక ప్రతి గుట్టా వాటిని విసిరివేస్తుంది. తొందరపడితే కాళ్ళ క్రింద గందరగోళమే. నెమ్మదిగా, గుట్ట తలమీద ఒక గెంతు, అవతల ఒక మలుపు, ఇలా ఆడుతూ వస్తే బాగుంటుందట. చిలిపి అనే మాట ఇక్కడ సార్థకం. చెట్ల మధ్యకు కూడా వెళ్ళానని చెప్పింది. నేను వివరాలు అడగలేదు.

ఏప్రిల్‌లో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే మంచు బొంబాయి రవ్వలాగ అవుతుంది. తొమ్మిదింటికి గచ్చు, పదకొండింటికి రవ్వ, రెండింటికి బురద. పదకొండింటికి సరళాలంత సుఖం మరొకటి లేదని అమ్మాయి మాట. తుహినం, తుషారం, నీహారం, ప్రాలేయం అని మంచుకు పర్యాయపదాలు పిల్లలచేత వల్లెవేయించినవాడిని నేను. అన్నిటికీ ఒకే అర్థం చెప్పించాను. నిఘంటువు కూడా అంతే చెబుతుంది. పిండికీ రవ్వకీ తేడా చెప్పడానికి మాత్రం వంటింటి డబ్బాలే ఆధారమయ్యాయి. మా ఇంటావిడ నోటుపుస్తకం చూసి, ఇది మంచు సంగతా, సరుకుల పట్టీయా అన్నది.

బయలుదేరే ముందు అమ్మాయి పాత జతను అమ్మివేస్తానన్నది. వద్దన్నాను. గాలి ఊడ్చిన గచ్చురోజున ఆ ఇరుకు నడుమూ, ఆ రేకులూ అక్కరకు వస్తాయి. లేదా ఆ రోజు ఇంట్లో కూర్చోవాలి; రెండింటిలో ఏదో ఒకటి చేస్తానని మాట ఇచ్చింది. మోకాలి తరువాత బూట్లు మార్చింది కనుక, ఆ పాత బైండింగులు కొత్త బూటు పొడవుకు సరిపోవు. నవంబరులోగా దుకాణంలో సరిచేయించమని చెప్పి వచ్చాను. మొన్న ఫోనులో అడిగితే, ఇంకా గోడకే ఉన్నాయన్నది.