సూసన్ అడిగిన ప్రశ్న

1952లో డేవిడ్ లీన్ తీసిన ‘ది సౌండ్ బ్యారియర్’ చూసినవాళ్లలో కొందరు చరిత్రే తప్పంటారు. నిజమే. ధ్వని వేగాన్ని 1947 అక్టోబరు 14నే అమెరికాలో చక్ యేగర్ దాటాడు. సినిమాలోలా స్టిక్కు ముందుకు నెడితే పైలట్ బతకడనీ ఆయనే చెప్పాడు. మరికొందరికి ఆకాశంలో తీసిన దృశ్యాలే ప్రాణం.

నాకు మాత్రం అది సూసన్ కథ. విమానాలు కట్టించే తండ్రి పంతానికి ముందు సోదరుడు, తర్వాత టెస్ట్ పైలటైన భర్త బలైపోతారు. ఇదంతా దేనికని ఆమె తండ్రిని నిలదీస్తుంది. పలకల గనుల్లోకి మనుషుల్ని పంపి, పొద్దుగూకేదాకా బిక్కుబిక్కుమంటూ గడిపిన మా మార్కాపురం ఇళ్లకు ఆ ప్రశ్న విడమరచి చెప్పక్కర్లేదు. చరిత్ర తప్పినా అందుకే ఆ సినిమాను వదులుకోలేను.

మనకూ అలాంటి పైలట్ ఉన్నారు. సురంజన్ దాస్ 1961 జూన్ 17న బెంగళూరులో హెచ్‌ఎఫ్-24 మారుత్ జెట్‌ను తొలిసారి ఎగరేశారు. 1970 జనవరిలో మారుత్‌నే పరీక్షిస్తూ చనిపోయారు. ఆ ఊళ్లో ఆయన పేరుతో రోడ్డుంది. గిద్దలూరులో రైలెక్కి అక్కడికి ఉద్యోగాలకు వెళ్లే మా పిల్లలు ఆయన గురించి తెలుసుకోవాలని, ఆయన మీద తెలుగులో ఒక మంచి సినిమా రావాలని నా కోరిక. అందులో ఇంట్లోవాళ్లకూ సగం కథ దక్కాలి.