మా సిపాయి, మీ సుతిలి బాంబు

మా కుక్క పేరు సిపాయి. నవ్వకండి, అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు. పిల్లగా ఉన్నప్పుడు పక్కింటి కోడిపుంజు మీదికి ఎగబడేవాడు. ఆ రోషం చూసి మురిసిపోయి పెట్టుకున్న పేరు. ఇప్పుడేమో దీపావళి వారం వచ్చిందంటే మంచం కింద, ట్రంకుపెట్టె వెనకాల, గొంగడిలో దూరి ఉంటాడు. తోక కొస ఒక్కటే బయటికి. ఎదురింటి పెద్దమ్మ పనిగట్టుకుని వచ్చి, వంగి చూసి, "గిదేం సిపాయి బిడ్డా, దొంగలొస్తే మనమే దీన్ని కావలి గాయాలె" అని ఓ మాట అనేసి పోతుంది. అననివ్వండి. ఆ పెద్దమ్మ కుక్కర్ విజిల్‌కే ఉలిక్కిపడి చాయ్ ఒలకబోసుకునే మనిషి.

మా ఊరు చందనవెల్లిలో ఏ కుక్క ఎక్కడ దాక్కుంటుందో నాకు కంఠతా వచ్చు. ఇదేం విద్య అంటారా? కూడు పెట్టే విద్య కాదు గానీ భలే సరదా. కిరాణా కొట్టు నల్లది సగం దించిన షటర్ కిందినుంచి పాకి, బియ్యం బస్తాల సందులో కూర్చుంటుంది. కిరాయి ఇంటివాళ్ల తెల్లదానికి బాత్రూమే కోట: బకెట్ వెనక, గోడకు వీపు ఆనించి, నల్లా కింద తల. గల్లీలో ఎవరిదీ కాని ఎర్రదొకటుంది. అది ట్రాక్టర్ ట్రాలీ కింద, రెండు టైర్ల మధ్య ముడుచుకుంటుంది. ఎవరు నేర్పారు చెప్పండి? మూడు దిక్కులా గోడ ఉండాలి, పైన కప్పుండాలి, చీకటి ఉండాలి. ఇంజనీరును పిలిచినా ఇంతకంటే మంచి ప్లాన్ గీయడు. అందుకే మీకు దండం పెట్టి చెబుతున్నా, దాక్కున్న కుక్కను మెడపట్టి బయటికి లాగకండి. "చూడు, ఏం లేదు, ఉత్త పటాకే" అని దానికి చూపించబోకండి. అక్కడే ఇంకో దుప్పటి వేసి, గిన్నెలో నీళ్లు పెట్టి, తలుపు దగ్గరగా వేయండి. చాలు.

మరి ఇన్ని చప్పుళ్లలో బతికే కుక్కకు పటాకంటేనే ఎందుకంత హడల్? మా ఊరి చుట్టూ ఇప్పుడు ఫ్యాక్టరీలు. పగలూ రాత్రీ టిప్పర్లు, కంటైనర్ లారీలు. పైన శంషాబాద్ విమానాలు. ఇదే సిపాయి నడిరోడ్డు మీద కాళ్లు చాపుకుని పడుకుంటాడు. లారీ వచ్చి హారన్ కొడుతుంది. చెవి కూడా కదలదు. డ్రైవరే దిగి, "లేవయ్యా సామీ" అని బతిమాలి లేపాలి. ఎందుకంటే లారీ దూరం నుంచి చెప్పి వస్తుంది. మెల్లగా మొదలై, పెద్దదై, పోతుంది. సుతిలి బాంబుకు రాకా లేదు, పోకా లేదు. ఎక్కడ పుట్టిందో తెలియదు, మళ్లీ ఎప్పుడో తెలియదు. పైగా ఆ చెవులు! మనకు 20,000 హెర్ట్జ్ దాటితే నిశ్శబ్దమే. కుక్కకు 45,000 దాకా వినిపిస్తుంది. తారాజువ్వ పైకి లేస్తూ కీచుమనే ఆ కూతలో మనకు వినబడనిది ఎంతుందో వాటినే అడగాలి.

ఒకసారి జడిస్తే ఆ జడుపు ఒక్క చప్పుడుతో ఆగదు, అదే చిక్కు. గంట మోగిస్తే చొంగ కార్చే కుక్కల పావ్లోవ్ గారు గుర్తున్నారా, బళ్లో చదువుకున్నాం కదా? 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కు వరదొచ్చి ఆయన ప్రయోగశాల కుక్కల బోనుల్లోకి నీళ్లు చేరాయి. మనుషులు ఈదుకుంటూ పోయి వాటిని బయటికి తెచ్చారు. ప్రాణాలు దక్కాయి గానీ, కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చుకున్నదంతా మరిచిపోయాయి. తర్వాతెప్పుడో తలుపు కింద నుంచి ఓ సన్నటి ధార గదిలోకి వదిలితే చాలు, మళ్లీ వణుకు. మా సిపాయికి అగ్గిపుల్ల గీసిన చప్పుడు చాలు. పొయ్యి వెలిగిస్తున్నానురా నాయనా అంటే వినడు.

పటాకులు కాల్చడానికి మా దిక్కు వంక కావాలా? బోనాలకు, వినాయకుడి నిమజ్జనానికి, దసరాకు, దీపావళికి, డిసెంబరు 31కి. క్రికెట్‌లో గెలిస్తే సరే. సర్పంచ్ గెలిస్తే మరీ సరే. కుక్కకు పార్టీ తెలియదు కాబట్టి ఎవరు గెలిచినా మంచం కిందికే. ఇక చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌసులు. శనివారం రాత్రి ఎవరి పుట్టినరోజో, ఎవరి సంగీతో మనకు తెలియదు. పట్నం నుంచి వచ్చి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు, అని డీజే పెడతారు. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు దీపావళి పటాకులు రాత్రి 8 నుంచి 10 లోపే కాల్చాలంది. దండలు దండలుగా పేలే సరాలను అసలే వద్దంది. మీవాడు వాకిట్లో పరుస్తున్నది వెయ్యివాలా కాదు కదా? ఊరికే అడిగా.

కుక్కలను అదిలించేవాళ్లను చూస్తే నాకు సరమ గుర్తొస్తుంది. నన్నయ భారతం మొదట్లోనే ఉంటుంది ఆ కథ. జనమేజయుడి యాగం దగ్గరికి సారమేయుడనే కుక్కపిల్ల ఆడుకుంటూ వస్తే రాజుగారి తమ్ముళ్లు కొట్టి తరిమారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది. పాపం చేయనివాళ్లను హింసిస్తే కారణం లేని భయాలు వచ్చి మీద పడతాయని చెప్పి మరీ పోయింది. దరిద్రం అనలేదు, రోగం అనలేదు. భయం అంది! శాపం ఎంపికలో కుక్కకున్న తెలివి చూడండి. రాజుగారు హడలిపోయి శాంతి చేయించే పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు.

మన కుక్కకు పురోహితుడు అక్కర్లేదు, కార్జం చాలు. అవును, చికెన్ కొట్టులో చవగ్గా ఇచ్చే కార్జమే. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి, చిటికెన వేలి గోరంత ముక్కలు కోసి డబ్బాలో పెట్టుకోండి. బయట ఢామ్మనగానే ఒక ముక్క. మళ్లీ ఢాం, మళ్లీ ముక్క. వరస తప్పొద్దు: ముందు చప్పుడు, వెనక ముక్క. మొదటి రోజు వాసన కూడా చూడడు. మూతి నాక్కుంటాడు, ఆవలిస్తాడు, ఒగరుస్తాడు. అది నిద్రా కాదు, ఆకలీ కాదు, భయమే. ముక్కను ముక్కు ముందు పెట్టి ఊరుకోండి. మా సిపాయి ఇప్పుడు సగం దారికి వచ్చాడు. ఢామ్మంటే తల మంచం బయటికి వస్తుంది కార్జం కోసం, నడుము నుంచి వెనక భాగం మాత్రం లోపలే ఉంటుంది. తోక ఇంకా కడుపులోకే. బేరం సగమే కుదిరిందన్నమాట.

ఇది నా సొంత వైద్యం కాదండోయ్. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో స్టెఫనీ రీమర్ అనే ఆవిడ 1,225 మంది కుక్కలవాళ్లను అడిగి 2020లో అచ్చేసింది. చప్పుడు కాగానే తిండి పెట్టినవాళ్లలో, ఆడించినవాళ్లలో నూటికి 70 మందికి పైగా మేలు కనిపించిందన్నారు. ఒంటికి బిగుతుగా తొడిగే చొక్కాలు నూటికి 44 దగ్గర ఆగాయి. మూలికలు, సెంట్లు మూడో వంతు దగ్గరే. కార్జం గెలిచిందోచ్!

"ముద్దు చేస్తే ఇంకా పిరికిదైతది" అంటారు చూడండి, వాళ్లతో నాకు పాత తగాదా. ఏమండీ, మీరు ఉరుముకు జడిసి అమ్మ పక్కలో దూరినప్పుడు ఆమె వీపు నిమిరింది కదా, అందుకని ఉరుములంటే మోజు పెరిగిందా? భయం అనేది బహుమతి కోసం వేసే వేషం కాదు. దగ్గరికొస్తే ఒళ్లోకి తీసుకోండి. రాకపోతే పక్కన నేల మీద కూర్చుని టీవీ పెట్టుకోండి. దానికీ చప్పుడు మీంచి ధ్యాస మళ్లుతుంది, మీ సీరియలూ అవుతుంది.

పొద్దు గూకకముందే ఓ చుట్టు తిప్పి, ఒకటికీ రెంటికీ పోనిచ్చి, బువ్వ పెట్టేయండి. గొలుసు వేసి వాకిట్లో కట్టేయకండి. పారిపోలేక మెడకు ఉరి వేసుకున్నంత పని చేస్తుంది. గేటు గడియ చూడండి. పట్టీ మీద ఫోన్ నంబరు రాయండి, పారిపోయిన కుక్క షాబాద్ దాకా ఆగదు. ఇంకోటి, మా ఊళ్లో ఓ సలహా తిరుగుతుంటుంది: "గింత కల్లు పోయి, మంచిగ పంటది." పోయకండి. కల్లు దానికి విషం. లడ్డూ కూడా వద్దు, కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను పాడు చేయగలదు. మరీ వణికి గోడలు గీరేదైతే నెల ముందే పశువుల డాక్టరుకు చూపించండి. భయాన్ని తగ్గించే మందులున్నాయి. అమెరికాలో దీనికోసమే 2015లో పంటి చిగురుకు రాసే జెల్ ఒకటి అనుమతించారు. పాతకాలపు మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్లు పడుకుంటుంది గానీ లోపల భయం మేలుకునే ఉంటుంది. అది మరీ అన్యాయం.

మొయినాబాద్‌లో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చే అకాడమీ ఉంది, తెలుసుగా? బాంబులు వాసన పట్టే జాగిలాలు అక్కడే తయారవుతాయి. ఆ దారిన పోతున్నప్పుడు సిపాయిని ఆటోలో తలవంచి కూర్చోబెడతాను, ఎవరైనా పేరడుగుతారేమోనని. కానీ వాటిదీ గొప్పేం కాదు, చిన్నప్పటి నుంచీ మెల్లమెల్లగా చేసిన అలవాటు. మీ ఇంట్లో మూడు నెలల లోపు పిల్ల ఉంటే మీరూ మొదలుపెట్టొచ్చు. ఫోన్‌లో పటాకుల చప్పుడు, వినీ వినబడనట్టు, పక్కనే బువ్వ గిన్నె. వారాలు గడిచేకొద్దీ కాస్త కాస్త పెంచాలి. దీపావళికి వారం ముందు కాదు, సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టాలి.

సరే, నేనే మాట్లాడుతున్నా. మీ కుక్క ఎక్కడ దాక్కుంటుంది? నా లెక్కలోకి ఎక్కించుకుంటా, చెప్పండి. బీరువా మీదికి ఎక్కి కూర్చుంటుందని మాత్రం అనకండి. ఒకాయన అలాగే అంటే పోయి చూశా. అది పిల్లి.