నా చెవి సంస్కారము

సంగీతమునుగూర్చి యభిప్రాయము లేని మనుష్యుడుండడు. కూరలో నుప్పు తగ్గినదని చెప్పుటకు వంట నేర్చియుండ నక్కరలేనట్లే, పాట బాగున్నదనియో బాగులేదనియో చెప్పుటకు పాడ నేర్చియుండ నక్కరలేదు. నేను పాడనేరను, ఏ వాద్యమును ముట్టి యెరుగను. కాని యేబది యేండ్లకు పైగా వినుచున్నాను. మా ముందుగదిలో నొక బీరువా కలదు. అందులో మా తాతగారినాటి గ్రామఫోను ప్లేట్లు, నేను కొన్న ఎల్.పి. రికార్డులు, క్యాసెట్లు, సీడీలు వరుసగా నున్నవి. ఇంటికి వచ్చినవారికి వానిని చూపి, ఇది యుత్తమము, ఇది మధ్యమము, ఇది వినదగనిది యని తీర్పులు చెప్పుట నాకు చిరకాలము వినోదముగా నుండెను. ఆ తీర్పులలో కొన్నింటిని నేడు నేనే కొట్టివేయవలసివచ్చినది. ఏల యనగా, వానిని చెప్పినది నా చెవి కాదు, నా గర్వము.

మొదట ప్లేట్ల సంగతి. మన దేశమున ప్లేట్లపై తొలుదొలుత పాడినవారిలో గౌహర్ జాన్ ముఖ్యురాలు. గ్రామఫోను కంపెనీవారు 1902 నవంబరులో కలకత్తాయందు ఆమె పాటను పట్టిరి. ఆనాటి ప్లేటుపై నించుమించు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. గంటసేపు విస్తరింపదగిన రాగమును ఆమె యా కొలదికాలములో నిమిడ్చి, తుదను తన పేరును తానే యాంగ్లమున చెప్పుకొనును. దానిని మొదట విన్నప్పుడు నాకు నవ్వు వచ్చినది. ఇప్పుడా పలుకే యందులో మిక్కిలి విలువగలదిగా తోచుచున్నది. ఆ దినములలో ప్లేట్లపై పాడిన స్త్రీలలో పెక్కురు ఆటపాటలే జీవికగా గల కుటుంబములవారు. కులస్త్రీలు పదుగురిలో పాడుట తప్పని యెంచబడిన కాలమది. మన పెద్దలు ప్లేటును ముందుగదిలోనికి తెచ్చుకొనిరి. పాడిన యామెను మాత్రము గడప దాటనిచ్చియుండరు. గొంతు వలయును, మనిషి వలదు. అట్టి లోకమున తన పేరును తాను బిగ్గరగా చెప్పుకొనిన స్త్రీని జూచి నవ్వుటకు నేనెవడను?

1963లో వెలువడిన వేంకటేశ్వర సుప్రభాతపు రికార్డును వినని తెలుగిల్లు అరుదు. దానిని పాడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1916లో మదురైయందు, దేవదాసీ సంప్రదాయపు కుటుంబమున, వీణావిద్వాంసురాలైన షణ్ముఖవడివు కడుపున జన్మించెను. ఏ కుటుంబముల స్త్రీలకు మన ఇండ్ల తలుపులు మూయబడియుండెనో, ఆ కుటుంబపు గొంతే నేడు మన ఇండ్లలో దేవుని మేలుకొలుపుచున్నది. ఆ రికార్డును భక్తిపరులు భక్తికై విందురు. నేను ఉచ్చారణకై వినుదును. అందులో నొక్క యక్షరమైనను నలుగదు, ఒక్క శ్వాసయైనను తొందరపడదు.

ఇక 1980లో వచ్చిన ‘శంకరాభరణము’. కె.వి. మహదేవన్ కూర్చిన యా పాటల రికార్డును నేను అరిగిపోవువరకు వింటిని. శాస్త్రీయసంగీతమునకు దూరమైన సామాన్యులను దాని చెంతకు చేర్చిన పుణ్యము దానిది. కాని యా చిత్రమునుండి నేనొక చెడ్డ పాఠమును కూడ నేర్చుకొంటిని. మన సంగీతము గంభీరమైనది, పాశ్చాత్యుల సంగీతము కేకలు మాత్రమే యని నిశ్చయించుకొంటిని. ఆ పాటలను పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము శాస్త్రీయసంగీతమును గురుముఖమున క్రమముగా నభ్యసించినవాడు కాడని చాలకాలమునకు తెలిసినది. ఏ గొంతును నేను సంప్రదాయమునకు సాక్ష్యముగా చూపుచుంటినో, ఆ గొంతు సంప్రదాయపు పాఠశాలలో చదువనేలేదు! అది యాతని గొప్పతనమునకు లోటు కాదు. నా తీర్పునకు మాత్రము లోటే.

ఆ నిశ్చయముతోనే మైల్స్ డేవిస్ యొక్క ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డును పదియేండ్లు ముట్టక విడిచితిని. ఒక స్నేహితుడు దానిని బహుమానముగా నిచ్చెను. జాజ్ సంగీతము త్రాగుబోతుల కాలక్షేపమని యెవరో చెప్పగా వింటిని, విని నమ్మితిని, నమ్మి, వినకుండ నుంటిని. ఒక వర్షపు రాత్రి, పనిలేక, దానిని పెట్టితిని. 1959లో న్యూయార్కునందు రెండు దినములలో పట్టబడిన సంగీతమది. మైల్స్ తనవారికి పూర్తిగా వ్రాసిన పాటల నీయక, మన ఆరోహణావరోహణముల వంటి స్వరక్రమములను మాత్రము సూచించి, తక్కినదానిని వారి మనోధర్మమునకు విడిచెను. మనోధర్మమనగా నేమో మనకొకరు చెప్పవలెనా? ఆ బాకా తొందరలేక యొక్కొక స్వరమును వెదకుచుండగా, ఆలాపన వినుచున్నట్లే నాకు తోచెను. ఆ రికార్డు వెలువడిన నెలలోనే, ఆగస్టులో, మైల్స్‌ను తాను వాయించుచున్న సంగీతశాల వాకిటనే పోలీసువాడు తలపై కొట్టి రక్తము కార్చెను. ఆతని పేరు ఆ వాకిటి పలకపైననే యుండెను. అతడు చేసిన తప్పు నల్లవాడగుటయే. గొంతు వలయును, మనిషి వలదను నీతి మన దేశమున మాత్రమే పుట్టినది కాదన్నమాట.

ఘంటసాల భగవద్గీతను గూర్చి నా ఫిర్యాదొకటి కలదు. అది పాడినవానిపై కాదు, మనపై. ఆయన 1974 ఫిబ్రవరిలో గతించుటకు కొంతకాలము ముందు పాడిన దిది. శ్లోకమును పాడి, తాత్పర్యమును తెలుగున పలుకును. ఆ పలుకులో పాండిత్యపు బరువు లేదు. పక్కన గూర్చుండి నచ్చజెప్పు పెద్దవాని చనువు కలదు. అట్టి రికార్డును మనము చావింటి గుర్తుగా మార్చివేసితిమి. ఎక్కడనైన నది వినబడినచో, ఎవరు పోయిరని యడుగుదుము. యుద్ధమునకు వెనుదీసినవానిని నిలబెట్టుటకు చెప్పిన మాటలను, ఇక వినజాలనివాని చెంత వినిపించుచున్నాము.

అభిప్రాయము మార్చుకొనుట పరువుతక్కువ యని యెంచువారికి గ్లెన్ గూల్డ్ రికార్డులను రెంటిని వినిపింతును. ఈ కెనడా దేశపు పియానో విద్వాంసుడు బాహ్ రచించిన ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ను 1955లో నొకసారి, 1981లో నొకసారి పట్టించెను. వ్రాత యొక్కటే, చేతు లొక్కరివే. మొదటిది సుమారు 38 నిమిషములలో ముగియును. రెండవదానికి 51 నిమిషములు పట్టును. యౌవనమున పరుగెత్తిన చోట్ల, యేబదవ యేడు సమీపించినప్పుడు అతడు నిలిచి చూచెను. లోకమంతయు మెచ్చిన తన పనిని తానే తిరిగి చేయుటకు అతడు సిగ్గుపడలేదు. మొదటిది మిక్కిలి గొప్పదని నేను వాదించుచుండువాడను. నాకును వయస్సు వచ్చిన పిమ్మట రెండవదాని చెంత చేరితిని.

తుదకు క్యూబా దేశపు రికార్డొకటి. 1996లో హవానాయందు పట్టబడి, మరుసటి యేట వెలువడిన ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’. అందు పాడిన ఇబ్రహీం ఫెర్రేర్‌కు అప్పటికి డెబ్బదియేండ్లు సమీపించినవి. పాట మాని, బూట్లకు మెరుగుపెట్టి జీవించుచుండగా నాతని పిలుచుకొనివచ్చిరి. ఆ మెత్తని గొంతును వినుచు, ‘ఎవరును పిలువకున్న నీ గొంతు వీధిలోనే యణగిపోయియుండును గదా!’ అని నేను మా ఇంటిదానితో నంటిని. ఆమె చేతిపని విడువక, ‘అత్తయ్యగారి గొంతును పిలిచిన వారెవరండీ?’ అనెను.

ఆ మాటకు నావద్ద సమాధానము లేదు. మా అమ్మ చదువుకొనలేదు. ఆమెకు దంపుళ్ళ పాటలు, లాలిపాటలు, మంగళహారతులు, ‘ఊర్మిళాదేవి నిద్ర’ మొదలుగాగల పెద్ద పాటలు కంఠస్థముగా నుండెను. వంటింటిలో పాడుకొనెడిది, నేను వచ్చిన నాపివైచెడిది. ఒకనాటి మధ్యాహ్నము నేను కచ్చేరీకి పోయియుండగా, నా భార్య యామెను కూర్చుండబెట్టి యా పాటలనన్నిటిని క్యాసెట్టుపై పట్టెను. నేను చూచుకొనక, ఆ వారమే రేడియోలో వచ్చిన పేరుగల విద్వాంసుని కచేరీని దానిపై నెక్కించితిని. ‘దానిమీద అత్తయ్యగారి పాటలున్నవండీ’ యని నా భార్య చెప్పినప్పుడు, ‘పోనిమ్ము, అదేమంత సంగీతము! మరల నెప్పుడైనను పట్టవచ్చు’ నంటిని. ఆ యెప్పుడైనను రాలేదు. మూడునెలలలో అమ్మకు పక్షవాతము వచ్చి మాట పడిపోయెను. మరుసటి యేట పోయినది.

నా భార్య ఆ ప్రశ్న యడిగిన రాత్రి ఆ క్యాసెట్టును వెదకి తీసితిని. కచేరీ యొక వంక ముగియువరకు రాలేదు. చప్పట్లు ఆగిన పిమ్మట, మిగిలిన అరనిమిషము టేపుపై అమ్మ గొంతుండెను. ఊర్మిళ పాటలోని తుదిచరణ మొకటి. ఆ వెనుక, లోగొంతుకతో, ‘ఇంక కట్టెయ్యవే అమ్మాయీ, వాడు వచ్చే వేళయింది’ అను మాట. అంతే.

గౌహర్ జాన్ తన పేరు చెప్పుకొని పాట ముగించెను. మా అమ్మ నా పేరైన నెత్తక, నాకు వెరచి ముగించెను. గొంతు వలయును, మనిషి వలదన్న పూర్వులను నేను నిందించుచుంటిని. నేనో, మనిషిని గౌరవించితినని తలచి, ఆమె గొంతును గడప లోపలనే యణచివేసితిని. పూర్వులకన్న నేను మేలెట్లయితిని?

చదువరులారా, బీరువాలోని రికార్డులలో నేది యుత్తమమని నన్నిప్పుడడిగినచో చెప్పజాలను. ఆ క్యాసెట్టు వెనుకనుండు చిన్న పెచ్చును విరిచివైచితిని. ఇక దానిపై నెవరును మరియొకటి యెక్కింపజాలరు. మన ఇండ్లలో నింకను ఆ పాటలు వచ్చిన ముసలమ్మలు కొందరున్నారు. పాట పట్టు యంత్రము నేడు ప్రతివారి జేబులోను, చేతిలోను ఉన్నది. వలసినది చెవి యొక్కటే. ఈ సంచిక ప్రక్కన బెట్టి, వంటింటిలోనికి పోయి, ‘అమ్మా, ఆపకు’ మని చెప్పుడు.