ఇస్త్రీ బట్టల కింద చరిత్ర

ఉద్యోగంలో నా పని బ్యాకప్‌లు. డేటా మూడు చోట్ల ఉందా, పోతే ఎంతసేపట్లో వెనక్కి తేగలం అన్నదే రోజూ గోల. అలాంటి నేను ఒక ఎడారి ఊరు చూడ్డానికి వెళ్ళి సిగ్గుపడి వచ్చాను. ఎందుకో చెప్తాను.

లాస్ వేగస్ నుంచి జయాన్ పార్కుకి కార్లో వెళ్ళినవాళ్ళకి సెయింట్ జార్జ్ తెలిసే ఉంటుంది. యూటా రాష్ట్రానికి నైరుతి మూల. ఎర్ర కొండల మధ్య తెల్లగా మెరిసే మార్మన్ టెంపుల్ దూరం నుంచే కనిపిస్తుంది. మనం మామూలుగా అక్కడ పెట్రోలు కొట్టించుకుని, ఓ బర్గర్ తినేసి వెళ్ళిపోతాం. నేనూ రెండుసార్లు అలాగే వెళ్ళిపోయాను.

1861లో మార్మన్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ మూడొందల పైచిలుకు కుటుంబాల్ని పత్తి పండించమని ఈ ఎడారికి పంపాడు. అంతర్యుద్ధం మొదలైంది, దక్షిణాది పత్తి ఇక రాదు. వీళ్ళు వర్జిన్ నది మీద ఆనకట్ట కట్టడం, వరదొచ్చి అది కొట్టుకుపోవడం, మళ్ళీ కట్టడం... ఏళ్ళ తరబడి ఇదే కథ. ఇదంతా మనకెలా తెలుసంటే, వాళ్ళు రాసుకున్నారు కాబట్టి. 1830లో ఆ చర్చి పుట్టిన రోజునే రికార్డు రాసి ఉంచాలన్న ఆదేశం ఉంది. అందుకని పెద్ద చదువులు లేనివాళ్ళు కూడా డైరీలు రాశారు. టెంపుల్ కట్టడంలో రాళ్ళపని చేసిన ఛార్లెస్ వాకర్ డైరీ 1980లో రెండు సంపుటాలుగా అచ్చయింది కూడా.

రాయడం ఒక ఎత్తు, మిగలడం ఇంకో ఎత్తు. మనవల కాలానికి అవన్నీ ట్రంకుపెట్టెల్లోకి, అటకల మీదకి చేరాయి. వాటిని బయటకి తీసింది జువానిటా బ్రూక్స్ అనే టీచరు. 1930ల్లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ప్రభుత్వం పని కల్పిస్తుంటే ఆవిడ ఆ ఊరి ఆడవాళ్ళ చేత ఈ డైరీలన్నీ టైపు కొట్టించింది. ఇంటింటికీ వెళ్ళి అడగడం, తెచ్చి కాపీ తీయడం, అసలుది తిరిగి ఇచ్చేయడం. తర్వాత కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ కోసం కూడా ఇదే పని చేసింది. చూడండి, మనం ఈ రోజు రెప్లికేషన్ అని గొప్పగా చెప్పుకునేది ఇదేగా!

ఇంటినిండా పిల్లలు. చుట్టుపక్కలవాళ్ళు ఎవరైనా వస్తే టైప్‌రైటర్ మీద ఇస్త్రీ చేయాల్సిన బట్టలు కప్పేసేదట, ఇల్లు వదిలేసి రాతలేంటి అంటారని.

ఆవిణ్ణి ఇందులోకి నెట్టింది ఒక ఆలస్యం. ఇరవై ఏళ్ళ వయసులో పక్కనే ఉన్న మెస్కీట్ ఊళ్ళో పాఠాలు చెబుతుండగా నీఫై జాన్సన్ అనే ముసలాయన వచ్చి, తను చూసినవి కొన్ని ఎవరికీ చెప్పలేదనీ, పోయేలోపు రాసిపెట్టమనీ అడిగాడు. ఈవిడ సరేనంది గానీ పనుల్లో పడి వాయిదా వేసింది. తీరా వెళ్ళేసరికి ఆయన మంచంమీద ఉన్నాడు, స్పృహ సరిగా లేదు, రక్తం రక్తం అని కలవరిస్తున్నాడు. 1919లో పోయాడు. ఆయన 1857 సెప్టెంబరు 11న మౌంటెన్ మెడోస్‌లో ఉన్నవాళ్ళలో ఒకడు. ఆర్కన్సా నుంచి కాలిఫోర్నియా వెళ్తున్న సుమారు 120 మందిని ఈ ప్రాంతపు మార్మన్లు, కొందరు పైయూట్ తెగవాళ్ళని కూడగట్టుకుని చంపారు. పదిహేడు మంది చిన్నపిల్లల్ని మాత్రం వదిలేశారు. నెపం చాలాకాలం పైయూట్‌ల మీదే ఉంది. శిక్ష పడింది జాన్ డి. లీ ఒక్కడికే, 1877లో అది అమలైంది.

బ్రూక్స్ స్వయంగా మార్మన్, భక్తురాలు. ఆవిడ సొంత తాతగారు కూడా ఆ రోజు అక్కడున్నారని అంటారు. అయినా ఆ కాగితాలన్నీ పట్టుకుని 1950లో పుస్తకం వేసింది, బాధ్యత తనవాళ్ళదే అని రాసింది. ఊళ్ళో కొందరు ముఖం తిప్పుకున్నారు. ఆవిడ చర్చీ వదల్లేదు, రాసిందీ మార్చలేదు. 2007లో, 150 ఏళ్ళకి, చర్చి అధికారికంగా విచారం తెలిపింది.

నాకనిపించేది ఇది. సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఒక గ్రానైటు కొండని తొలిచి 24 లక్షల మైక్రోఫిల్మ్ రోల్స్ దాచారు. వాటి డిజిటైజేషన్ 2021లో పూర్తయింది. గొప్ప పనే, కాదనను. కానీ కొండ తనంతట తాను ఎవరి అటకా ఎక్కదు. ఎవరో ఒకరు తలుపు కొట్టి, మీ తాతగారి కాగితాలు ఒకసారి ఇస్తారా అని అడగాలి. పైగా రాయనివాళ్ళ మాట ఎక్కడా మిగల్లేదు. పైయూట్‌ల సంగతే చూడండి.

ఇక నా సిగ్గు సంగతి. మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మా ఊళ్ళో ఏ ఇంట్లో ఎవరెవరు పోయారో తాతయ్య ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు. ఒకసారి ఇండియా వెళ్ళినప్పుడు ట్రంకుపెట్టెలో చూశాను. మళ్ళీ వచ్చినప్పుడు స్కాన్ చేస్తా అన్నాను. తర్వాత ఇంటికి రిపేర్లు చేయిస్తూ పెట్టె ఖాళీ చేశారు, కాగితాలన్నీ పాతపేపర్ల వాడికి వెళ్ళిపోయాయి. అమ్మని కోప్పడబోతే, "నువ్వు స్కాన్ చేస్తానన్నావుగా నాన్నా, చేసేశావనుకున్నాం" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆఫీసులో మూడు కాపీలు పెట్టేవాణ్ణి, ఇంట్లో ఉన్న ఒక్కటీ పోగొట్టాను.

సెయింట్ జార్జ్ నుంచి తిరిగొచ్చిన రాత్రే పెదనాన్నకి ఫోన్ చేశాను. ఆయనకి ఎనభై ఆరు. "ఇప్పుడెందుకురా అవన్నీ" అన్నాడు. కాసేపు ఆగి, కాలవగట్టు ఇల్లు నుంచి మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఫోన్ చేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాను.

ఇప్పటికి 14 పేర్లు వచ్చాయి. నోటుబుక్కులో మూడు పేజీలుండేవని గుర్తు.