మా యింటి నక్షత్రము

గృహమును అలంకరించుకొనుట ధనవంతులకు మాత్రమే తగిన వేడుక యని పలువురు తలంచుచుందురు. క్రిందటి సంవత్సరము డిసెంబరు నెలవరకు నేనును అట్లే తలంచితిని. పది వెదురుబద్దలును, మంచము పట్టిన మా తండ్రియు కలిసి ఆ తలంపును నా మనస్సునుండి తొలగించిన విధమును ఈ చిన్న వ్యాసమున విన్నవించుకొందును.

మా తండ్రి తాపీపనివాడు. ఆ యేడు అక్టోబరు నెలలో పరంజామీదనుండి జారిపడగా ఆయన కుడికాలి యెముక విరిగెను. నాటినుండి ఇంటికి కూలిడబ్బు వచ్చుట నిలిచిపోయెను. మా తల్లి రాత్రింబగళ్లు కుట్టుపని చేసి సంసారము నీడ్చుకొని వచ్చుచుండెను. అంతకు ముందటి పండుగనాటి నక్షత్రమును అటుకమీద ఎలుకలు కొరికివేసినవి. బజారులో క్రొత్తదాని వెల 350 రూపాయలు. ఆ మాట యెత్తుటకు మా యింట ఎవరికిని నోరు రాలేదు.

మా పల్లెలో డిసెంబరు మొదటి వారమునుండి యౌవనస్థులు రాత్రులయందు క్రిస్మసు పాటలు పాడుచు ఇంటింటికిని వత్తురు. నక్షత్రము వెలుగుచున్న ప్రతి వాకిటను నిలిచి పాడుదురు. ఆ గుంపులో కంజిర వాయించువాడను నేనే. చీకటిగానున్న మా వాకిటికి తోడి బాలురను తీసికొని వచ్చుటకు సిగ్గుపడి, "మా నాన్నకు నిద్ర చాలదు, ఈసారి మా యింటికి రావద్దు" అని మా నాయకునితో చెప్పితిని. అది పచ్చి అబద్ధము. ఆ పాటలకొరకు సంవత్సరమంతయు ఎదురుచూచువాడు మా తండ్రి.

నా చెల్లెలు ఆ మాట విని, రాత్రి భోజనమువేళ ఆయనతో చెప్పివేసెను. ఆయన కోపపడలేదు. కంచములోని అన్నమును కొంతసేపు ఊరక కలుపుచుండెను. పిమ్మట, "ఏమిరా అబ్బాయీ, విరిగినది నా కాలు గదా, చేతులు బాగుగనే యున్నవి. పెరటిలో కంచెకు మిగిలిన వెదురున్నది. రేపు దానిని, కత్తిని ఇటు తెమ్ము" అనెను. నాకు ముద్ద దిగలేదు.

మరునాడు ఆయన మంచముమీదనే కూర్చుండి వెదురును సన్నని బద్దలుగా చీల్చి, చేయి కోయకుండ నునుపు చేసెను. నేను తొందరపడి కొలత లేకుండ ఐదింటిని కట్టివేసితిని. ఒక కొన పొడుగు, ఒక కొన పొట్టి. నా చెల్లెలు చూచి, ఎండిన తేలువలె నున్నదని నవ్వెను. మా తండ్రి ముడులన్నియు విప్పించి, "మట్టము చూడక కట్టిన గోడ నిలుచునా? కొలిచి కట్టుము" అనెను.

అప్పుడు నేను జ్యామితిపెట్టె తెరచితిని. ఒక్కొక్క బద్ద మూడడుగులు, అనగా 36 అంగుళములు. ఐదు సమమైన బద్దలతో ఐదుకొనల నక్షత్రము కట్టినచో ప్రతి కొనయందును 36 డిగ్రీల కోణము ఏర్పడును. బద్దలు ఒకదానినొకటి దాటు తావు కొననుండి సుమారు 13¾ అంగుళముల దూరముననుండును. నడిమి భాగము 8½ అంగుళములు. ప్రతి బద్దకును రెండు ప్రక్కలనుండి ఈ గుర్తులు పెట్టుకొని, గుర్తుమీద గుర్తుంచి కట్టగా కొనలన్నియు సరిగా కుదిరినవి. ఇట్టివి రెండు చేసి, ఒకదానిపై నొకటి యుంచి, ఐదు కొనలను దారముతో బిగించితిమి. తరువాత లోపలి ఐదు కూడళ్లయందు ఆరేసి యంగుళముల పుల్లలు రెండింటి నడుమ నిలిపి కట్టగా, చదునైన నక్షత్రము దిండువలె ఉబ్బి లేచినది. మా తండ్రి ముఖమున రెండు నెలలుగా చూడని నవ్వును నేనప్పుడు చూచితిని.

జిగురు మా తల్లి కాచెను. గుప్పెడు మైదాపిండిని చన్నీటిలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగపై చిక్కబడువరకు కలియబెట్టి, పురుగు పట్టకుండ చిటికెడు మైలతుత్తము వేయవలెను. మైలతుత్తము విషము గనుక ఆ గిన్నెను వంటకు వాడరాదు, చేతులు బాగుగా కడుగుకొనవలెను. గాలిపటపు కాగితమును అతికించి, వెనుకప్రక్క ఒక రెక్కను మాత్రము దీపము పెట్టుటకై తెరచి యుంచితిమి. లోపల క్రొవ్వొత్తి పెట్టిన కాగితము అంటుకొనును. మేము మా గదిలోని చిన్న ఎల్.ఇ.డి. బల్బును పెట్టితిమి. అది అంతగా వేడెక్కదు.

కుట్టుపనిలో మిగిలిన గుడ్డపేలికలను మా తల్లి ముక్కోణములుగా కత్తిరించి తాడునకు కుట్టగా వసారాకు జెండాలమాల అయ్యెను. పాత నోటుపుస్తకముల కాగితములను చెల్లెలు పసుపునీటిలో ముంచి ఆరవేసి గొలుసులు చేసెను. పసుపులో కొంచెము సున్నము కలిపిన ఎఱ్ఱరంగు వచ్చును. వాకిట ముగ్గు, గుమ్మమునకు మామిడాకులు. వీనికి వెల లేదు.

లెక్క యిది: కాగితములు 30 రూపాయలు, దారము 10, మైదా 10, మైలతుత్తము 5, వెరసి 55 రూపాయలు.

ఇక మిగిలినది నా అబద్ధము. ఆ సాయంకాలమే నాయకునియొద్దకు పోయి జరిగినది చెప్పి, క్షమింపుమని వేడుకొంటిని. అతడు, "అయితే రేపు మొదటి పాట మీ వాకిటనే" అనెను. మరునాటి రాత్రి వారు వచ్చినప్పుడు మా తండ్రి గుమ్మములో మంచము వేయించుకొని, కాలు చాపుకొని, అందరికంటె బిగ్గరగా పాడెను. నక్షత్రము ఎవరు చేసిరని ఒకరడుగగా ఆయన "మా అబ్బాయి" అనెను. నేను "మా నాన్న" అంటిని.

సెలవుల తరువాత ఈ సంగతి మా గణితోపాధ్యాయులవారికి చెప్పగా, వారు మిక్కిలి సంతోషించి యొక విశేషము తెలిపిరి. అనేక కొనలు గల ప్రసిద్ధమైన మొరేవియను నక్షత్రము 19వ శతాబ్దపు తొలి అర్ధభాగమున జర్మనీ దేశములోని నీస్కీ యను ఊర, మొరేవియను సంఘమువారి పాఠశాలలో జ్యామితి బోధనకై పుట్టినదట. ఆ సంఘమువారి బడిపిల్లలు కాగితము కత్తిరించి చేసిన నక్షత్రము నేడు అనేక దేశములలో వెలుగుచున్నది. ఈ మాట వినినప్పటినుండి జ్యామితిపెట్టెను చూచిన నాకు భయము తగ్గినది.

ఈ సంవత్సరము మా తండ్రి మరల పనికి పోవుచున్నాడు. నవంబరు నెలలో మా వీధిపిల్లలు తమంతట తామే వెదురు తెచ్చుకొని మా వసారాలో చేరిరి. ఆయన పని దిగివచ్చి, స్నానముచేసి, వారికి బద్దలు చీల్చుట నేర్పెను. పండుగనాటికి మా వీధిలో ఇంట చేసిన నక్షత్రములు పదునొకటి వెలిగినవి.

తోడి విద్యార్థులారా, మీ యింట డబ్బు లేని సంవత్సరము వచ్చినచో వాకిలి చీకటిగా నున్నదని సిగ్గుపడి మిత్రులను మరలింపకుడు. ముందు పెరటిలోనికి పోయి ఏమున్నదో చూడుడు. పిమ్మట ఇంటిలోని పెద్దల చేతులకు ఏ పని వచ్చునో అడుగుడు. కొలత మాత్రము మరువకుడు.