నూరుమైళ్ల స్వారియు, ఇంటి లెక్కయు

ఒక బడిపంతులుగారి భార్యకు గుఱ్ఱపుస్వారితో నేమిపని యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నేను గుఱ్ఱ మెక్కినదానను గాను. ఎక్కవలెనన్న కోరికయు లేదు. కాని పెక్కు గుఱ్ఱములను, వానిపై స్వారిచేయువారిని ఒక పగలు, ఒక రాత్రి కొండదారుల వెంట నడపించి, అందఱకును అన్నపానము లమర్చి, ఏ ప్రాణికిని హాని రాకుండ గమ్యము చేర్చుట యెట్టిపనియో ఆలోచింపుడు. పెండ్లిలో విస్తళ్ల వరుసను, గాదెలోని బియ్యమును ఒక్కకంట కనిపెట్టు గృహిణికి ఆ పని బొత్తిగా క్రొత్తదని తోపదు.

మా పినతల్లి కూతురు పదియేండ్లుగా అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కాపురమున్నది. అచ్చట నొక గుఱ్ఱమును పెంచుచు, ఇట్టి దూరపుస్వారులలో కొన్నిమాఱులు స్వారిచేయుచు, కొన్నిమాఱులు ఏర్పాటులలో పనిచేయుచు నుండును. ఆమె మాటలవలన నేను గ్రహించినదానిని మీకు చెప్పుచున్నాను.

ఈ స్వారులలో పేరుపొందినది సియెరా నెవడా పర్వతములను దాటి ఆబర్న్ పట్టణమును జేరు నూరుమైళ్ల స్వారి. అనగా సుమారు 160 కిలోమీటర్లు. దీనిని వెండెల్ రోబీ యను నాతడు 1955లో ఆరంభించెను. జనులు దీనిని టెవిస్ కప్ అని పిలుతురు. 24 గంటలలో ముగింపవలెను. రాత్రి దారి కానవచ్చుటకై వేసవిలో పున్నమికి దగ్గఱగా దినము నిర్ణయించుట వాడుక. ఒకవైపు రాతికొండలు, మఱియొకవైపు ఎండకు కాగిన లోతైన లోయలు. ఇట్టిచోట పందెము పెట్టువాని బాధ్యత యెంతటిదో చెప్పనక్కఱలేదు.

మొదట రుసుము మాట. స్వారి నేర్పాటు చేయువాడు ప్రతివానియొద్ద ప్రవేశరుసుము గొనును. ఆ సొమ్ముతో పశువైద్యులకు పారితోషికము, అడవిదారికి అనుమతి, భీమా, దారి గుర్తుతెలుపు రంగుపేలికలు, నీరులేని తావులకు బండ్లపై నీరు, భోజనములు, బహుమానములు, అన్నియు నడవవలెను. ఇందులో నొక చిక్కు గలదు. ముప్పదిమంది వచ్చినను, ఎనుబదిమంది వచ్చినను అనుమతి వ్యయము, వైద్యుల వ్యయము పెద్దగా తగ్గవు. అన్నము, బహుమానము మాత్రము తలకింత చొప్పున పెరుగును. ఎందఱు వత్తురో తెలియకమునుపే రుసుము నిర్ణయింపవలెను. అందుచేత ముందుగా పేరిచ్చినవారికి తక్కువ, ఆలస్యముగా వచ్చినవారికి ఎక్కువ యని పెట్టుట పలుచోట్ల గలదు. సొమ్ము చాలనిచో మిఠాయి మానవచ్చును, బహుమానము చిన్నది చేయవచ్చును. వైద్యుని మాత్రము తగ్గింపరాదని మా చెల్లెలి మాట. ఇంట కఱవు వచ్చినపుడు పట్టుచీర మానుదుముగాని పసిబిడ్డ పాలు మానము గదా!

రెండవది భోజనము. ముందునాటి సాయంకాలము స్వారివారందఱును ఒక్కచోట భుజింతురు. ఆ పంక్తి రుచికొఱకు మాత్రమే కాదు. అన్నము వడ్డించిన చోటికి ఎల్లరు వత్తురు గనుక, అప్పుడే దారి వివరము చెప్పుదురు: ఏ రంగు పేలిక ననుసరింపవలెను, నీరెచ్చట, నిలువవలసిన మజిలీ లెచ్చట. మఱునాడు దారిలో గుఱ్ఱములకు ఎండుగడ్డి, దాణా, నీరు సిద్ధముగా నుండును. గుఱ్ఱపు చెమటయందు ఉప్పు మిక్కుటము. ఆ యుప్పు తఱిగిన గుఱ్ఱమునకు దప్పిక సరిగా పుట్టదు. నీరు ముంగిట నున్నను ముట్టకపోవచ్చును. అందుచే ఉప్పు కలిపిన మందును పోయుదురు. ఇక స్వారివారు గుఱ్ఱమును చూచుకొనుచు తమ యాకలి మఱతురట. అందుకని జీతము గొనక సేవచేయువారు వారి చేతికి పండ్లు, రొట్టె అందించుచుందురు. అందఱకును వడ్డించి తాను చల్దితో సరిపెట్టుకొను ఇల్లాలిని ఎఱిగిన మనకు ఇది వింతగా తోపదు.

మూడవది పరీక్ష. నెమ్మదిగా నిలిచియున్న గుఱ్ఱపు గుండె నిమిషమునకు 30 మొదలు 40 సారులు కొట్టుకొనును. పరుగున అది మిక్కిలి హెచ్చును. మజిలీ చేరినపిమ్మట అది నియమించిన సంఖ్యకు, తఱచుగా 60 ప్రాంతమునకు, దిగినగాని ముందునకు పోనీయరు. వైద్యుడు మెడపై చర్మమును చిటికెతో పట్టి విడిచి ఎంతత్వరగా సర్దుకొనునో చూచును. చిగురు నొక్కి రక్తము మరలివచ్చుట గమనించును. కడుపులోని సవ్వడి ఆలకించును. దుడుకునడక నడిపించి కుంటును కనిపెట్టును. ఆయన వలదన్నచో అంతటితో స్వారి ముగిసినట్లే. రుసుమిచ్చితిమనుట చెల్లదు.

బహుమానములలో నాకు మిక్కిలి నచ్చిన ధర్మము గలదు. మొదట వచ్చినవారికి టెవిస్ కప్పు నిత్తురు. 24 గంటలలో ముగించి, గుఱ్ఱము ఆరోగ్యముగా నున్నచో ప్రతివారికిని వెండి బకిలు లభించును. ఇవిగాక 1964 మొదలు హ్యాగిన్ కప్పనునది గలదు. మొదట వచ్చిన పదింటిలో ఏ గుఱ్ఱము మిక్కిలి చక్కని స్థితిలో నున్నదో దానికే అది చెందును. 1972లో నేర్పడిన అమెరికా దూరస్వారి సంఘమువారు సైతము ముగించుటయే గెలుపని చాటుదురు. వారి చిన్నస్వారులలో గీటు దాటిన క్షణమును గాక, గుఱ్ఱపు నాడి శాంతించిన క్షణమునే ముగింపుగా లెక్కింతురు. స్త్రీలకు, పురుషులకు వేఱువేఱు పందెములు లేవు. డానా ఫిట్జెరాల్డ్ అను నామె 1970 మొదలు 1976 లోపల టెవిస్ కప్పును ఆఱుమాఱులు గెలిచెను. జూలీ సూర్ అను నామె హ్యాగిన్ కప్పును మూడుమాఱు లందుకొనెను.

ఈ ధర్మము మనవారికి తెలియనిది కాదు. ద్రోణపర్వమున సూర్యాస్తమయములోపల సైంధవుని వధింతునని అర్జునుడు ప్రతినబట్టిన దినమును స్మరింపుడు. గడియ గడియకు ప్రాణము పణముగా నున్నది. అట్టి సమయమునను కృష్ణుడు డస్సిన గుఱ్ఱములను విప్పి, బాణములు పెఱికి, మేనులు రుద్ది, నీరు త్రావించి, సేద దేర్చెను. అర్జునుడు వానికై బాణముతో కొలనునే కల్పించెను. అంత తొందరలో ఆగుట వలననే వారు సాయంకాలమునకు గమ్యము చేరగలిగిరి.

మా చెల్లెలు ఈ నడుమ నొక స్వారికి రుసుము కట్టి, ఆఱునెలలు సాధనచేసి పోయినది. అఱువదిమైళ్లు దాటినపిమ్మట గుఱ్ఱము ముందుకాలు కుంటెనని వైద్యుడు ఆపెను. రుసుము తిరిగి రాలేదు. ఇంటివారు "ఇంత సొమ్ము గంగపాలయ్యె"నని విసుగుకొనిరట. "అక్కయ్యా, నా శ్రమ వ్యర్థమేనా?" యని అది వాపోయినది. "పది దినములలో నీ గుఱ్ఱము కుంటక నడచినదంటివి. నీవు కట్టిన సొమ్ములో ఆ వైద్యుని వంతు గలదు. ఆయన తన పని చేసినాడు; నీ సొమ్ము దండుగ యెట్లగును?" అని బదులు వ్రాసితిని.

ఇది దూరదేశపు ముచ్చట యనుకొనవలదు. నిరుడొక పాఠశాలలో బాలికలకు పరుగుపందెము పెట్టిరి. ఎండ యెక్కినపిమ్మట మొదలిడిరి. దారిలో నీరు లేదు. బహుమతులు మువ్వురికే. మా మేనకోడలు, పండ్రెండేండ్లది, కన్నులు తిరుగుచున్నను ఎవరికిని చెప్పక పరుగెత్తి చివరి మలుపున పడిపోయినది. ఆగినచో దానికి దక్కున దేమియు లేదు, ఆపువారును లేరు. రెండుదినములు మంచము దిగలేదు.

ఈ యేడు మా వారి పాఠశాలలో ఉత్సవపు భోజనముల లెక్క నాకప్పగించిరి. నేను ఆ కాగితము వెనుక నాలుగు కోరికలు వ్రాసి యిచ్చితిని: ఉదయమే పందెము మొదలిడవలెను, అరమైలున కొకచోట నీరుండవలెను, పిల్లను ఆపు అధికారము గల నర్సు నిలువవలెను, ముగించిన ప్రతి బాలికకును చిన్న పతకమీయవలెను. మొదటి మూడింటికి ఒప్పుకొనిరి. "అందఱకును ఇచ్చినచో పోటీకి విలువ యేమి?" యని నాల్గవది ఇంకను తర్కమున నున్నది. మొదటి బాలికకు కప్పు నిండుగా నిండు. దానిని తగ్గింపుమని నేననలేదు. మిఠాయి రెండు రకములకు బదులొకటి చేసినచో పతకముల సొమ్ము మిగులునని లెక్కకట్టి చూపితిని.

సోదరీమణులారా! మీ యూళ్లలో ఉత్సవములు జరుగునపుడు వంటలెక్క తఱచు మన చేతికే వచ్చును. ఆ లెక్కతోపాటు నీరెచ్చట నుంచిరి, ఆపువా రెవ్వరు అని కూడ అడుగుడు.