నా ఎక్సెల్ షీటూ, నాన్న కొబ్బరితోటా

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు లాప్‌టాప్ తెరిచి నాన్నకి నా అగ్రిటూరిజం ప్లాన్ చూపించాను. కోనసీమలో మాకున్న రెండెకరాల కొబ్బరితోటలో నాలుగు కాటేజీలు, వీకెండుకి హైదరాబాదు నుంచి అతిథులు, మూడో నెల నుంచే ఆదాయం! మహారాష్ట్రలో 2020లోనే దీనికి పాలసీ వచ్చింది, మనమెందుకు ఆగాలని నా వాదన.

"కాటేజీలు ఎక్కడ కడతావురా?"

"కోకో తీసేసిన చోట."

ఏమీ అనకుండా తోటలోకి తీసుకెళ్ళారు. ఎకరాకి సుమారు 70 చెట్లు, పాతిక అడుగుల ఎడం. ఆ ఎడంలోనే కోకో. దానికి కొబ్బరి నీడ కావాలి. అది రాల్చే ఆకు కొబ్బరి మొదట్లో కుళ్ళి ఎరువవుతుంది, తేమ ఆపుతుంది. కాయ ధర పడిపోయిన ఏడాది నా బీటెక్ ఫీజు కట్టింది కూడా ఆ కోకో గింజలేనట. నాకిన్నాళ్ళూ తెలీదు.

1996 నవంబరు తుఫానుకి, అంటే నేను పుట్టకముందు, తోటలో సగానికి పైగా పడిపోయింది. మళ్ళీ మొక్కలు నాటి, కాపు కోసం ఆరేడేళ్ళు ఆగారట తాతయ్య. నా షీట్లో తుఫానుకి గడే లేదు.

ఇప్పటి ప్లాన్: ఖాళీగా ఉన్న కాయల పాక బాగుచేసి రెండే గదులు. వచ్చినవాళ్ళకి కోకో కాయ కొట్టి గుజ్జు రుచి చూపిస్తాం. దింపు రోజున మాత్రం చెట్ల కింద ఎవర్నీ తిరగనివ్వనని నాన్న ముందే చెప్పేశారు.